ఓడలు ఆగే చోట... మనుషులు ఆగాలంటే!

పక్కనే లోతైన రేవు. చుట్టూ వేల మెగావాట్ల కరెంటు తీసే కర్మాగారాలు. కోట్లలో వ్యాపారం. అయినా ముత్తుకూరు దారిన పోయేవాళ్లే ఎక్కువ, ఆగేవాళ్లు తక్కువ. డబ్బొచ్చిన ఊరికి కళ కూడా రావాలంటే ఏం చేయాలి? ఎవరు చేయాలి?

సాయంత్రం షిఫ్టు వదిలే వేళ. నెల్లూరు నుంచి దాదాపు ఇరవై కిలోమీటర్లు తూర్పుగా ఉండే ముత్తుకూరు సెంటర్లో ఓ పక్కన నిలబడి చూడండి. బొగ్గు లారీ వెళ్తుంది. దాని వెనకే నూనె ట్యాంకరు. ఆ వెనక ఉద్యోగుల బస్సు. కిటికీలకు తలలు ఆనించి కునుకు తీసే మనుషులు. అన్నీ నెల్లూరు వైపే. వాళ్లు పొద్దున టిఫిను నెల్లూరులో తిని వచ్చారు. రాత్రి కూరగాయలూ అక్కడే కొంటారు. పిల్లల చదువు అక్కడే, సినిమా అక్కడే, ఇల్లు కట్టుకునేదీ అక్కడే. ముత్తుకూరులో సంపాదించిన రూపాయి చీకటి పడేలోపు బస్సెక్కి వెళ్లిపోతుంది.

పరిశ్రమ వచ్చిన ప్రతి ఊళ్లోనూ కనిపించే కథే ఇది. పరిశ్రమ వస్తే ఊరు బాగుపడుతుందంటారు. నిజమే, కానీ సగమే. భూమి ధర పెరుగుతుంది, అద్దెలు పెరుగుతాయి, ఉద్యోగాలూ కొన్ని వస్తాయి. ఊరు మాత్రం తనంతట తాను బాగుపడదు. దానికి వేరే పని ఉంది.

కొల్లితురై నుంచి కృష్ణపట్నం దాకా

ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం నిన్న మొన్నటి రేవు కాదు. కండలేరు సముద్రంలో కలిసే చోట సహజంగా ఏర్పడిన ఉప్పుటేరు అది. 13వ శతాబ్దపు శాసనాల్లో దీని పేరు కొల్లితురై. గండగోపాలపట్టణం అని మరో పేరు. నెల్లూరును తెలుగు చోడులు ఏలిన కాలం. తిక్కన సోమయాజిని ఆదరించిన మనుమసిద్ధి పేరు మీద ఇక్కడ శివాలయం ఉండేది. ఆ గుడి శాసనం ఒకటి భలే విషయం చెబుతుంది. ఈ రేవులో దిగే సరుకు మీద, ఇక్కడి నుంచి ఎక్కే సరుకు మీద కొంత భాగం గుడికి ఇవ్వాలని వర్తకులే కూర్చుని తీర్మానించుకున్నారట! ఆ రోజుల్లో గుడి అంటే దేవుడొక్కడే కాదు. పదిమంది చేరే చోటు, పండగ, పంచాయితీ అన్నీ అదే. అంటే ఊరి కళకు వర్తకుడు కట్టిన వాటా అన్నమాట. అదీ తనంతట తాను, ఇంత అని లెక్కగట్టి.

ఏడు వందల ఏళ్ల తర్వాత అదే ఏటి ఒడ్డున మళ్లీ పెద్ద ఓడలొచ్చాయి. 2004లో ప్రైవేటు సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 2008 జులైలో అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో, సోనియాగాంధీ చేతుల మీదుగా రేవు మొదలైంది. 2020లో అదానీ సంస్థ ముప్పాతిక వాటా కొంది. మరుసటి ఏడాది మిగతా పావూ తీసుకుంది. రేవు వెంటే కరెంటు కర్మాగారాలు. నేలటూరులో జెన్‌కో వారి దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు. పైనాపురం, అనంతవరం వైపు ప్రైవేటు ప్లాంట్లు. అన్నీ కలిపితే ఐదు వేల మెగావాట్ల పైమాటే. పంటపాళెం దగ్గర వంటనూనెల శుద్ధి కర్మాగారాలు. రాష్ట్రంలో ఎన్నో వంటిళ్లలో పోపు వేసే నూనె ఓడ దిగేది ఇక్కడే.

ఇంత జరిగినా ముత్తుకూరు అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేదేమిటి? రేవు, బొగ్గు, లారీలు. 2021 మేలో కరోనా రెండో అల ఉద్ధృతంగా ఉన్నప్పుడు కృష్ణపట్నంలో ఓ నాటువైద్యుడి మందు కోసం ఎక్కడెక్కడి నుంచో వేల మంది తరలివచ్చారు. దేశమంతా ఆ ఊరి పేరు మోగింది. మందు సంగతి అలా ఉంచండి. అంతమంది వచ్చింది ప్రాణభయంతోనే తప్ప ఊరు చూద్దామని కాదు.

గోడకు అవతల... ఇవతల

కర్మాగారం గోడ లోపల చూస్తే చెట్లు, పచ్చిక, వెడల్పాటి రోడ్లు, రాత్రంతా దీపాలు. గోడ దాటితే దుమ్ము. ఇది ఏ ఒక్క సంస్థ గురించో చెప్పే మాట కాదు, పారిశ్రామికవాడ ఎక్కడున్నా అంతే. మరి గోడ ఇవతల బాగుచేయడానికి డబ్బు లేదా? ఉంది. కంపెనీల చట్టం ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే చోటికి మొదటి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఆ చట్టమే చెబుతోంది. ఇటు పంచాయతీలకు ఆర్థిక సంఘం నిధులొస్తాయి. ఇంటిపన్ను ఉంటుంది.

చిక్కు డబ్బు దగ్గర లేదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చే దగ్గర ఉంది. కంపెనీ డబ్బు ఎలా ఖర్చవ్వాలో నిర్ణయించేది కంపెనీ బోర్డు. పంచాయతీ డబ్బు సంగతి గ్రామసభ చూసుకోవాలి. ఈ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. అందుకే ఒకరు బడికి గది కడితే ఇంకొకరు దాని పక్కనే కాలువ తవ్వుతారు. ఒకరు మొక్కలు నాటితే ఇంకొకరు రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తారు. ఒకరు మంచినీళ్ల ప్లాంటు పెడతారు, ఫిల్టరు పాడైన రోజున అది ఎవరిదో ఎవరికీ తెలియదు.

దుకాణదారులే దారి చూపారు

ఇలాంటి చిక్కునే 1970లో కెనడాలోని టొరంటో నగరంలో ఓ చిన్న బజారు విప్పింది. పేరు బ్లూర్ వెస్ట్ విలేజ్. దుకాణాల ముందు నుంచే ట్రాములు తిరిగే వీధి అది. దిగినవాళ్లు ఏదో ఒకటి కొనుక్కుని వెళ్లేవారు. భూగర్భ రైలు వచ్చింది. జనం నేల కింద నుంచి వెళ్లిపోవడం మొదలైంది. మరోవైపు పెద్ద పెద్ద మాల్స్. దుకాణాలు వెలవెలబోయాయి.

వ్యాపారులు ధర్నా చేయలేదు. నగరపాలక సంస్థ దగ్గరికెళ్లి వింత కోరిక కోరారు... మా మీద ఇంకాస్త పన్ను వేయండి! ఆ డబ్బు మాత్రం మా వీధికే ఖర్చుపెట్టాలి, ఎలా పెట్టాలో మేమే చెబుతాం అన్నారు. వసూలు చేసే అధికారం కార్పొరేషనుది, ఖర్చు నిర్ణయం వీధిది. దీపాలు, బెంచీలు, పూలతొట్లు, పండగ అలంకరణలు వచ్చాయి. జనం మళ్లీ పైకెక్కి వచ్చారు. ఈ పద్ధతి తర్వాత ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండులో 2003లో చట్టమే చేశారు. అక్కడ వ్యాపారులు ఓటు వేసుకుని ఒప్పుకుంటేనే ఆ రుసుము ఉంటుంది. గరిష్ఠంగా ఐదేళ్లు. ఆ తర్వాత మళ్లీ ఓటు. పని నచ్చకపోతే అంతటితో సరి!

కొల్లితురై వర్తకులకూ టొరంటో దుకాణదారులకూ మధ్య ఏడు శతాబ్దాలు, సముద్రాలు ఉన్నా ఇద్దరి లెక్కా ఒక్కటే. ముత్తుకూరు సెంటరుకూ అదే లెక్క నప్పుతుంది. టిఫిను సెంటర్లు, మందుల షాపులు, రొయ్యల మేత అమ్మే కొట్లు, సెల్‌ఫోన్ దుకాణాలు... ఒక్కొక్కరూ తమ ముందున్న మూడు గజాలు ఊడ్చుకుంటారు. మొత్తం వీధిని ఊడ్చేవాళ్లు ఉండాలంటే అందరూ కలిసి వాటా వేసుకోవాలి, దానికి పంచాయతీ ముద్ర ఉండాలి. అప్పుడే లారీలకు ఒక పక్క, నడిచేవాళ్లకు ఒక పక్క, ఆటోలకు ఒక చోటు అని గీత గీయడం సాధ్యం. నీడనిచ్చే చెట్టు, కూర్చునే అరుగు, ఆడవాళ్లు ఇబ్బంది పడకుండా వెళ్లగలిగే శుభ్రమైన మరుగుదొడ్డి. ఈ మూడూ ఉన్న బజారులో మనిషి పది నిమిషాలు ఎక్కువ ఆగుతాడు. ఆ పది నిమిషాల్లోనే పావుకేజీ పకోడీలో, పిల్లాడికి చెప్పులో కొంటాడు. పునరుద్ధరణ అనే పెద్ద మాటకు అసలు అర్థం ఈ పది నిమిషాలే.

కండ్రిగ కథ, గంగదేవిపల్లి కథ

మన దగ్గర జరిగిన రెండు ప్రయత్నాలు పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది నెల్లూరువాళ్లందరికీ తెలిసిందే. గూడూరు మండలంలోని పుట్టంరాజువారి కండ్రిగ. 2014లో సంసద్ ఆదర్శ గ్రామ యోజన మొదలైనప్పుడు రాజ్యసభ సభ్యుడిగా ఉన్న సచిన్ టెండూల్కర్ ఈ ఊరిని దత్తత తీసుకున్నాడు. ఆ నవంబరు 16న స్వయంగా వచ్చాడు. ఎంపీ నిధులకు ప్రభుత్వ పథకాలు తోడయ్యాయి. సిమెంటు రోడ్లు, మరుగుదొడ్లు, భూగర్భ మురుగుకాలువలు, సామాజిక భవనం, ఆటస్థలం వచ్చాయి. అంతకుముందు పక్క మండలంలోనే చాలామందికి తెలియని ఊరు దేశమంతా వార్తయింది. సరిగ్గా రెండేళ్లకు, 2016 నవంబరులో సచిన్ మళ్లీ వచ్చి చూసి వెళ్లాడు. 2018లో ఆయన పదవీకాలం ముగిసింది. మేలు జరిగింది, కాదనడానికి లేదు. అయితే పంపు పాడైతే, భవనానికి సున్నం వేయాల్సొస్తే దత్తత తండ్రి ముంబయి నుంచి రాలేడుగా!

రెండోది వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి. అక్కడ ఏ స్టారూ దిగలేదు. సారాతో చితికిపోతున్న ఊరు తొంభైల కంటే ముందే మద్యం మానుకుంది. ఆ కట్టుబాటు మీదే మిగతావన్నీ కట్టుకుంది. మంచినీళ్లకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, చదువుకు ఒకటి... ఇంటికొకరైనా ఏదో ఒక కమిటీలో ఉంటారు. బాల వికాస అనే స్వచ్ఛంద సంస్థ నీటిశుద్ధి ప్లాంటుకు సాయం చేసింది, కానీ నడిపేది ఊరే. ఇంటిపన్ను నూటికి నూరు శాతం వసూలైన ఊరుగా పేరు తెచ్చుకుంది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. ఆ ఊరిని చూడటానికి బస్సుల్లో జనం వస్తారు. కోటలూ జలపాతాలూ ఏమీ లేవు, చూసేది కమిటీ పుస్తకాలు!

ముత్తుకూరుకు కండ్రిగకు వచ్చినంత డబ్బు, అంతకు ఎన్నో రెట్లు కూడా తేవడం కష్టం కాదు. గంగదేవిపల్లి పుస్తకాలు తేవడమే కష్టం. కంపెనీ ఇచ్చే ప్రతి లక్షకు, దాన్ని పదేళ్లు ఎవరు చూసుకుంటారు, ఏటా ఎంతవుతుంది, అది ఎక్కడి నుంచి వస్తుంది అన్న మూడు గళ్లు నింపాకే శంకుస్థాపన రాయి వేయాలి. రాయి మీద పేర్లకైతే మనకు ఏనాడూ కొరత లేదు.

ఉన్నదాన్నే ఊరికి గుర్తుగా

ఊరికి కళ తేవడమంటే లేనిదాన్ని కొనితేవడమేనా? సూళ్లూరుపేటనే తీసుకోండి. పులికాట్ సరస్సుకు ఫ్లెమింగోలు, నేలపట్టుకు గూడబాతులు ఎప్పుడూ వస్తూనే ఉన్నాయి. నేలపట్టులో పక్షులు వాలితే పంట పండుతుందని రైతుల నమ్మకం. వాటి రెట్టలు కలిసిన చెరువునీళ్లు పొలానికి ఎరువే కదా. ఆ పక్షులనే పిలుపుగా చేసుకుని జిల్లా యంత్రాంగం 2001లో ఫ్లెమింగో పండగ మొదలుపెట్టింది. లక్షల జనం, బళ్లో వచ్చే పిల్లలు, దుకాణాలు, ఊరికి ఓ పేరు. అయితే నడిపేది పూర్తిగా సర్కారే కావడంతో మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పక్షులు మాత్రం ఏ ఏడూ సెలవు పెట్టలేదు.

మరి ముత్తుకూరుకేముంది? చాలానే ఉంది. మొదటిది బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు దగ్గర మొదలై, ముక్కలు ముక్కలుగా పెరిగి, 1876-78 నాటి ఘోరకరువులో ఆకలిగొన్న కూలీల చేతులతో కలిసిన కాలువ ఇది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఒకప్పుడు ఈ తీరం నుంచి కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల మీద మద్రాసు చేరేవి. లారీలొచ్చాక కాలువను మరిచాం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మాత్రం సముద్రపు నీటిని తనలోకి తీసుకుని ఆంధ్ర తీరంలో ఎన్నో ప్రాణాలు కాపాడింది ఈ కాలువేనని పరిశోధకులు తేల్చారు. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. సరుకు పడవలు ఎప్పుడు తిరుగుతాయన్నది పెద్దవాళ్ల లెక్క. ఊరి పక్కన పూడిక తీసి, గట్టు మీద రెండు కిలోమీటర్ల నడకదారి వేసి, రెండు వరసల చెట్లు పెడితే చాలు, సాయంత్రం ఎక్కడికెళ్దాం అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

రెండోది చేప. నెల్లూరు చేపల పులుసు పేరు చెప్పుకుని హైదరాబాదులో, బెంగళూరులో హోటళ్లు నడుస్తున్నాయి. మామిడికాయ వేసి, రాత్రి కాచి, పొద్దున ఇడ్లీలోకి తినే ఆ పులుసు అసలు చిరునామా ఈ పట్టపుపాళేలే. 1991 నుంచీ ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. చేపను శుభ్రంగా నిల్వ చేయడం, వండటం, అమ్మడం నేర్పగల అధ్యాపకులు ఊళ్లోనే ఉన్నారు. పాళేల్లో వండి పెట్టగల ఆడవాళ్లున్నారు. డ్వాక్రా సంఘాలున్నాయి. ఐసూ నీళ్ల వసతీ ఉన్న చిన్న చేపల వీధి ఒకటి, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా. పెట్టుబడి కంపెనీలది, స్థలం పంచాయతీది, శిక్షణ కళాశాలది, వంట పాళెంది. నెల్లూరు నుంచి ఇరవై కిలోమీటర్లు వచ్చి తిని వెళ్లేవాళ్లకు కొదవుండదు. ఈసారి బస్సులు ఎదురుదిక్కున వస్తాయి!

ఎవరిని పక్కకు నెట్టి?

ఇక్కడో హెచ్చరిక అవసరం. సింగపూరు నది ఒకప్పుడు మురుగుకాలువ. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టి శుభ్రం చేయించారు. 1987కల్లా నదిలో చేపలు తిరిగొచ్చాయి. పాత గోదాములు హోటళ్లయ్యాయి. ఇవాళ మనవాళ్లు సింగపూరు వెళ్తే ఫొటోలు దిగేది అక్కడే. అయితే ఆ పదేళ్లలో వేల కుటుంబాలు, వేల మంది వీధి వ్యాపారులు అక్కడి నుంచి కదిలారు. వందలకొద్దీ సరుకు పడవలు తావు మార్చుకున్నాయి. వ్యాపారులకు కప్పున్న, నీళ్లున్న బజార్లు కట్టించాకే కదిలించారు కాబట్టి సరిపోయింది. కదిలించి తర్వాత చూద్దామనుకుంటే ఏమవుతుందో మన తీరానికి చెప్పక్కర్లేదు.

ముత్తుకూరు మండలం ఆ బాధ చూసినదే. భూములిచ్చిన రైతులకు పరిహారం, వేట కోల్పోయిన మత్స్యకారులకు ప్యాకేజీ. మరి చేపల బుట్టలు మోసేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు, ఏటి ఒడ్డున కూలీనాలీ చేసుకునేవాళ్లు? వాళ్లకంటూ ‘మత్స్యకారేతర ప్యాకేజీ’ అనే మాటే పుట్టింది. ఏళ్ల తరబడి నలిగిన ఆ పరిహారం 2022 అక్టోబరులో, నేలటూరు మూడో యూనిట్‌ను జాతికి అంకితం చేసిన రోజున, పదహారు వేలకు పైగా కుటుంబాలకు అందించారు. రేవు మొదలై అప్పటికి పద్నాలుగేళ్లు. ఊరికి అందం తెచ్చే పనిలోనూ ఇదే పొరపాటు జరిగితే, సెంటర్లో టీ బంకులూ తోపుడుబళ్లూ ఎత్తేసి పూలతొట్లు పెడితే, చూడటానికి బాగుంటుంది. ఆగేవాళ్లుండరు.

ఒక్క సంస్థ మీదే ఆధారపడటమూ ప్రమాదమే. 2024 మొదట్లో కృష్ణపట్నానికి కంటెయినర్ ఓడల రాక ఆగిపోయింది. బొగ్గు, నూనె, ఎరువుల్లాంటి సరుకు వస్తూనే ఉన్నా, కంటెయినర్ల మీద బతికే గోదాములు, లారీలు, హమాలీలు, చిన్న హోటళ్ల మీద దెబ్బ పడింది. ఆందోళనలు జరిగాయి. ఎక్కడో జరిగిన నిర్ణయం ఇక్కడి పొయ్యిని తాకుతుందని అప్పుడు తెలిసింది. రేవు కోసం కాక ఊరి కోసం వచ్చే జనం కొందరుంటే అలాంటి రోజున సెంటర్లోని కొట్టు తలుపు తెరిచే ఉంటుంది.

పక్కనే కొత్త పట్నం

ఈలోగా కండలేరుకు అవతలి వైపు ఇంకో పెద్ద పని మొదలైంది. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక నడవాలో భాగంగా కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి, అదే ‘క్రిస్ సిటీ’కి, 2025 జనవరి 8న ప్రధాని నరేంద్ర మోదీ విశాఖ నుంచి శంకుస్థాపన చేశారు. రోడ్లు, డ్రైన్లు, చెట్లు, ఇళ్లు అన్నీ ముందే గీసిన నగరం. పనీ నివాసమూ పక్కపక్కనే ఉండాలన్నది ఆలోచన. మంచిదే. కానీ గీతలన్నీ కొత్త ఊరికే గీసి పాత ఊరిని లారీల దారిగా వదిలేస్తే, ఆ నగరం కళకళలాడే కొద్దీ ముత్తుకూరు ఇంకా వెలవెలబోతుంది. కొత్త నగరానికి పెట్టే ఖర్చులో చాలా చిన్న ముక్క చాలు, పాత సెంటరు ముఖం మారడానికి.

దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక రాసుకోవాలని 2015 నుంచి ఉన్నదే. అక్టోబరు 2న మొదలయ్యే గ్రామసభల్లో వచ్చే ఏడాది పనులు చదివి వినిపిస్తారు. ఆ రోజున కంపెనీల సామాజిక బాధ్యత అధికారులకూ కుర్చీలు వేసి, కళాశాల వాళ్లను, సెంటరు దుకాణదారులను, పాళేల పెద్దలను పిలిచి కూర్చోబెట్టడానికి పైసా ఖర్చు లేదు. ముందుగా ఒకే పని ఎంచుకోవాలి. కాలువ గట్టో, చేపల వీధో, సెంటర్లో నడిచే దారో. కట్టేది ఎవరు, ఊడ్చేది ఎవరు, పాడైతే రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ఎత్తేది ఎవరు అన్నది అదే కాగితం మీద రాసి, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి.